సర్ ఎర్నెస్టు షాకిల్టను

సముద్రయానము చేయువారికి భయహేతువులు అనేకములు కలవు. తుపానులు, చీకటి, నీటిలో దాగియున్న రాళ్లు, దారి తప్పుట మున్నగువానిని గూర్చి అందరును వినియే యుందురు. కాని చలిదేశముల సముద్రములందు వీనికి తోడు మరియొక శత్రువు కలదు. అది అలల తుంపర. మన తీరములయందు ఆ తుంపర మొగమున బడిన హాయిగా నుండును. ధ్రువసముద్రములందో, అదే తుంపర ఓడపై బడినదే తడవుగా గడ్డకట్టి, పొరమీద పొరగా పేరుకొని, తుదకు ఓడనే తలక్రిందులు చేయగలదు. అట్టి శత్రువుతో ఇరువదిమూడడుగుల పొడవైనను లేని చిన్న పడవలో పోరాడి, తన్ను నమ్మిన వారి ప్రాణములను కాపాడిన నాయకుడు ఎర్నెస్టు షాకిల్టను.

షాకిల్టను 1874వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఐర్లండు దేశమునందలి కిల్కీ అను పల్లెలో జన్మించెను. తండ్రి హెన్రీ మొదట వ్యవసాయము చేయుచుండెను. పిదప ఆయన నడివయసున వైద్యవిద్య నభ్యసించి, 1884లో కుటుంబముతో లండను నగరమునకు వచ్చి వైద్యవృత్తిలో స్థిరపడెను. పదిమంది సంతానములో ఎర్నెస్టు రెండవవాడు; కుమారులలో పెద్దవాడు. డల్విచ్ కళాశాలలో చదువుచున్న కాలమున అతడు బడిపాఠములందు అంతగా రాణింపలేదు. అతని మనసెల్ల సముద్రముమీదనే యుండెను. కుమారుడు తనవలె వైద్యుడు కావలెనని తండ్రి కోరెను. అయినను అతని పట్టుదల చూచి, పదునారవ యేట వర్తకపు ఓడలో చేరుటకు సమ్మతించెను. అచట కఠినమైన పనులు చేయుచు, క్రింది మెట్టునుండి పైకి వచ్చి, 1898 నాటికి ఓడను నడుపు నాయకునకు కావలసిన యోగ్యతాపత్రమును సంపాదించెను.

ఆ కాలమున దక్షిణధ్రువమును మానవుడెవ్వడును చేరియుండలేదు. 1901లో కెప్టెన్ స్కాటు నాయకత్వమున డిస్కవరీ అను ఓడ దక్షిణధ్రువ ఖండమునకు బయలుదేరగా షాకిల్టను అందు చేరెను. స్కాటు, విల్సను, షాకిల్టను మువ్వురును మంచుపై నడచి 1902 డిసెంబరు 30వ తేదీన 82 డిగ్రీల 17 నిముషముల దక్షిణ అక్షాంశము వరకు పోయిరి. అంతకుముందు అంత దక్షిణమునకు పోయినవారు లేరు. కాని తాజా ఆహారము లేక కలుగు స్కర్వీ వ్యాధి వారిని పట్టెను. షాకిల్టను మిక్కిలి కృశించి, 1903లో ఇంటికి పంపబడెను. ఈ పరాభవము అతని మనసును నొప్పించెను.

1907లో అతడు స్వయముగా నాయకుడై నిమ్రాడ్ అను ఓడలో మరల దక్షిణమునకు బయలుదేరెను. 1908 అక్టోబరు చివర మువ్వురు సహచరులతో ధ్రువమువైపు నడక సాగించెను. సామానులాగుటకు తెచ్చిన పొట్టి గుఱ్ఱములన్నియు దారిలో పోయెను. ఆహారము తరిగిపోయెను. అయినను వారు 1909 జనవరి 9వ తేదీన 88 డిగ్రీల 23 నిముషముల అక్షాంశమును చేరిరి. ధ్రువము ఇక సుమారు 180 కిలోమీటర్ల దూరము మాత్రమే. ముందుకు పోయినచో కీర్తి లభించును. కాని తిరిగివచ్చుటకు ఆహారము చాలదు. షాకిల్టను తన జీవితాశయమును కన్నులయెదుట నుంచుకొనియు వెనుదిరిగెను. తిరుగుదారిలో సహచరుడు ఫ్రాంక్ వైల్డు ఆకలిచే డస్సియుండగా, తన వంతునకు వచ్చిన ఒక్క బిస్కత్తును అతనిచే బలవంతముగా తినిపించెను. నలువురును సజీవులై ఓడను చేరిరి. ఆ సంవత్సరమే బ్రిటిషు ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము నొసగెను.

1911 డిసెంబరు 14వ తేదీన నార్వే దేశీయుడగు అముండ్సను దక్షిణధ్రువమును చేరెను. ధ్రువమును మొదట చేరు ఘనత పోయినందున షాకిల్టను మరియొక కార్యమును సంకల్పించెను. దక్షిణధ్రువ ఖండమును ఒక తీరమునుండి మరియొక తీరము వరకు, సుమారు 2,900 కిలోమీటర్లు, నడచి దాటవలెనని ఆయన యూహ. 1914 ఆగస్టులో ఎండ్యూరెన్స్ అను ఓడ ఇంగ్లాండును వీడెను. ఆ పేరునకు సహనమని యర్థము. డిసెంబరు 5వ తేదీన దక్షిణ జార్జియా ద్వీపమును విడిచి వెడ్డెల్ సముద్రమున ప్రవేశించునప్పటికి ఓడలో ఇరువదియెనిమిదిమంది యుండిరి.

1915 జనవరిలో ఆ ఓడ మంచుగడ్డల నడుమ చిక్కుకొనెను. సముద్రమంతయు గడ్డకట్టి, ఓడ రాతిలో బిగిసిన మేకువలె నయ్యెను. ఆ మంచు నిలుకడగా నుండక గాలులకును ప్రవాహములకును కదలుచు ఓడను తనతో గొనిపోవుచుండెను. పదినెలలకు మంచు ఒత్తిడిచే ఓడ దూలములు విరుగజొచ్చెను. అక్టోబరు 27వ తేదీన అందరును ఓడను వదలి మంచుమీదికి దిగిరి. నవంబరు 21న ఓడ మునిగిపోయెను. ఖండమును దాటవలెనన్న సంకల్పము దానితో ముగిసెను. నాటినుండి షాకిల్టను లక్ష్యము ఒక్కటియే: తన వారందరిని ఇంటికి చేర్చుట.

వారు అయిదు నెలలు తేలుచున్న మంచుపలకలపై గుడారములు వేసికొని, సీలు జంతువుల మాంసము తినుచు జీవించిరి. 1916 ఏప్రిల్ 9వ తేదీన కాలిక్రింది పలక పగిలిపోవుచుండగా మూడు పడవలను నీటిలోనికి దింపిరి. అప్పుడే అలల తుంపరతో వారి పోరాటము మొదలయ్యెను.

సముద్రజలమందు ఇంచుమించు వేయింటికి ముప్పదియైదు పాళ్లు లవణములుండును. అందుచే అది మంచినీటివలె సున్న డిగ్రీలకడ గాక, సున్నకు దిగువ సుమారు రెండు డిగ్రీల సెంటిగ్రేడుకడ గడ్డకట్టును. పడవ ముక్కు అలను ఢీకొన్నప్పుడు నీరు చిన్నచిన్న బిందువులై లేచును. చలిగాలిలో ఎగురుచున్న ఆ బిందువులు మరింత చల్లబడి, పడవమీద పడగానే గడ్డకట్టనారంభించును. నీరు గడ్డకట్టునపుడు కొంత వేడిని బయటికి విడుచును. గాలి ఎంత చల్లనై, ఎంత వేగముగా వీచిన, ఆ వేడి అంత త్వరగా తొలగి మంచు అంత త్వరగా పేరుకొనును. త్రాళ్లపై మంచు చుట్టును కట్టుటచే అవి లావెక్కును. లావెక్కిన కొలదిని మరింత తుంపరను పట్టుకొనును.

ఈ మంచు నిర్మాణమందొక విశేషము కలదు. నీరు గడ్డకట్టునపుడు దాని స్ఫటికములు లవణమును తమలోనికి రానీయవు. వెలివేయబడిన లవణము మిగిలిన నీటిలో చేరి, ఆ నీటిని మిక్కిలి ఉప్పన చేయును. అట్టి చిక్కని ఉప్పునీరు అంత సులభముగా గడ్డకట్టదు. అది కొంత క్రిందికి కారిపోవును. కొంత స్ఫటికముల నడుమ సన్నని తిత్తులలో చిక్కుకొనిపోవును. తుంపర త్వరత్వరగా గడ్డకట్టుటచే అందు చిక్కుకొను ఉప్పునీరు హెచ్చుగా నుండును. ఈ తిత్తులవలన చలి తక్కువగా నున్నప్పుడు ఆ మంచు మెత్తగా నుండును. చలి పెరిగినకొలదిని గట్టిపడి కొయ్యను, గుడ్డను, త్రాటిని విడువక పట్టుకొనును. సంవత్సరముల తరబడి సముద్రముపై నిలిచిన పాతమంచులోని ఉప్పునీరు మెల్లమెల్లగా కారిపోవుటచే దానిని కరగించి త్రాగవచ్చును. క్రొత్తగా కట్టిన తుంపరమంచు అట్లు పనికిరాదు.

మంచుపలకను హఠాత్తుగా వీడుటచే త్రాగునీటికై తగినంత మంచి మంచును పడవలలోనికి ఎక్కించుకొనుటకు వారికి వీలుపడలేదు. పడవల కొయ్యలు, తెరచాపలు, బట్టలు అన్నియు మంచుతో గప్పబడియున్నను, వారి నాలుకలు దాహముతో ఉబ్బిపోయెను. పచ్చి సీలు మాంసమును నమలి గొంతు తడుపుకొనిరి. ఏప్రిల్ 15వ తేదీన ఎలిఫెంట్ ద్వీపమున అందరును దిగిరి. 497 దినముల పిమ్మట వారి పాదములకు గట్టినేల తగిలెను.

కాని అది నిర్జనద్వీపము. ఓడలు ఆ దారిన పోవు. తామచట నున్నట్లు లోకమున ఎవ్వరికిని తెలియదు. సాయము తెచ్చుటకు సుమారు 1,500 కిలోమీటర్ల దూరమునగల దక్షిణ జార్జియా ద్వీపమునకు పోవలెను. అచట తిమింగిలముల వేటగాండ్రు నివసించుచుండిరి. నడుమనున్న సముద్రము లోకమందెల్ల భయంకరమైనదని నావికులు చెప్పుదురు. షాకిల్టను జేమ్సు కెయిర్డ్ అను పడవను ఎన్నుకొనెను. దానికి పైకప్పు లేదు. హ్యారీ మెక్నీషు అను వడ్రంగి బండిపట్టెలును పెట్టెమూతలును పరచి, వానిపై గుడ్డ బిగించి కప్పుచేసెను. గడ్డకట్టిన ఆ గుడ్డను సీలుకొవ్వు మంటపై కొంచెము కొంచెముగా కరగించి కుట్టవలసివచ్చెను. పడవ సందులను దీపపు వత్తులతోను, చిత్రకారుని రంగులతోను, సీలు రక్తముతోను పూడ్చెను. పడవ తేలికయై బోర్లపడకుండుటకు అడుగున రాళ్లు నింపిరి.

1916 ఏప్రిల్ 24వ తేదీన షాకిల్టను, దిక్కులు లెక్కగట్టుటలో నేర్పరియగు ఫ్రాంక్ వర్స్లీ, టామ్ క్రీను, మెక్నీషు, జాన్ విన్సెంటు, టిమతీ మెకార్తీ అను ఆరుగురు బయలుదేరిరి. మిగిలిన ఇరువదియిద్దరిని వైల్డు సంరక్షణయందుంచిరి. పడవ ఎల్లప్పుడు తడిసియే యుండెను. వర్స్లీకి సూర్యుడు కనబడినది ప్రయాణమంతటిలో నాలుగు మారులు మాత్రమే. ఎవ్వడైన చలిచే మిక్కిలి బాధపడుచున్నట్లు తోచినచో షాకిల్టను అతని పేరు చెప్పక, అందరికిని వేడిపాలు కాచుడని యాజ్ఞాపించును. తానొక్కడే దుర్బలుడని ఎవ్వడును సిగ్గుపడగూడదని ఆయన భావము.

వారము దినములు గడచునప్పటికి దక్షిణమునుండి పెనుగాలి వీచెను. తుంపర పడిపడుటతోనే గడ్డకట్టెను. రాత్రి తెల్లవారునప్పటికి పడవ కప్పు, కూపస్తంభము, త్రాళ్లు అన్నియు మంచులో దాగిపోయెను. కొన్నియెడల మంచు సుమారు అడుగు మందము పేరుకొనెను. ఒక చదరపు మీటరు మేర పది సెంటీమీటర్ల మంచు కట్టిన దాని బరువు 80 మొదలు 90 కిలోల వరకు నుండును. పదిచదరపు మీటర్ల కప్పుమీద అది తొమ్మిది వందల కిలోలకు సమీపించును. ఆ బరువు పడవ అడుగున నుండిన రాళ్లబరువు వంటిది కాదు. అడుగునున్న బరువు పడవను నిలబెట్టును. పైనున్న బరువు దానిని పడద్రోయును. అలతోపాటు చుఱుకుగా లేచి పడుచుండిన పడవ నానిన దుంగవలె మందముగా కదలజొచ్చెను. ఒకవైపు ఒరిగి తిరిగి లేచుట ఆలస్యమగుట ఓడకు మృత్యుసూచన. షాకిల్టను దానిని గుర్తించెను.

మంచును నరుకక తప్పదు. నరుకుటకు పైకప్పుమీదికి ప్రాకవలెను. ఆ కప్పు అద్దమువలె జారును. పట్టు తప్పినవాడు చలినీటిలో పడును. పడినవానిని తిరిగి పట్టుట అసాధ్యము. గొడ్డలి దెబ్బ గట్టిగా పడెనా, క్రిందనున్న గుడ్డ చినిగి పడవలోనికి నీరు వచ్చును. మెల్లగా పడిన మంచు కదలదు. చలిచే చేతులు మొద్దుబారుటచే ఒక్కొక్కడు కొలది నిముషములకంటె పైన నిలువజాలకుండెను. అతడు దిగగానే మరియొకడు ఎక్కుచుండెను. గొడ్డలితోను, చేతికి దొరకిన పనిముట్లతోను వారు మంచును బ్రద్దలుగొట్టి సముద్రమున బడవేసిరి. బరువు తగ్గించుటకై రెండు తెడ్లను మాత్రముంచి తక్కినవానిని, నీరుపీల్చి బిగిసిపోయిన రెండు తోలుపక్కలను పారవేసిరి. అలలకు ఎదురుగా పడవ ముక్కును నిలుపు గుడ్డలంగరు త్రాటిపై మంచుముద్ద పెరిగి, ఆ త్రాడు ఒరసి ఒరసి తెగిపోయెను. గాలి తగ్గువరకు వారి శ్రమకు విరామము లేకుండెను. తుదకు పడవ తేలికపడి మరల అలలపై చుఱుకుగా లేచెను.

మే 5వ తేదీ రాత్రి ఒక మహాతరంగము పడవను ముంచెత్తెను. దొరకిన పాత్రలతో నీరు తోడి బ్రదికిరి. తెచ్చుకొన్న రెండు నీటిపీపాలలో ఒకటి బయలుదేరునప్పుడే దెబ్బతిని, అందు సముద్రజలము కలియుటచే మరల దాహము పీడించెను. మే 8న భూమి కనబడెను. కాని పెనుతుపాను వారిని దరిజేరనీయలేదు. 10వ తేదీన దక్షిణ జార్జియా తీరమున దిగిరి.

వారు దిగినది జనులు లేని పడమటి తీరము. జనావాసము ఆవలివైపున, పటమునకెక్కని మంచుకొండల కవతల నుండెను. షాకిల్టను, వర్స్లీ, క్రీను మే 19న బయలుదేరిరి. గుడారము లేదు. పాదరక్షలు జారకుండుటకు పడవనుండి ఊడదీసిన మరలను అడుగున బిగించుకొనిరి. మంచులో మెట్లు చెక్కుటకు వడ్రంగి బాడిసను గొనిపోయిరి. నిద్రించిన మేల్కొనజాలరని యెఱిగి ముప్పదియారు గంటలు నడచి, మరునాడు స్ట్రామ్నెస్ అను వేటస్థావరమును చేరిరి. పొగతో నల్లబడి, జడలుగట్టిన తలలతో వచ్చిన ఆ మువ్వురిని చూచి అచటివారు గుర్తింపలేకపోయిరి.

ఆవలి తీరమున మిగిలిన మువ్వురిని వెంటనే తెచ్చిరి. ఎలిఫెంట్ ద్వీపమునకు పోవుటకు షాకిల్టను ఒకదాని వెనుక నొకటిగా మూడు ఓడలలో ప్రయత్నింపగా మూడు మారులును మంచు అడ్డుపడెను. నాల్గవసారి చిలీ దేశ ప్రభుత్వము లూయీ పార్డో నాయకత్వమున యెల్చో అను చిన్న ఓడనిచ్చెను. 1916 ఆగస్టు 30వ తేదీన ఆ ఓడ దరిజేరగా, రెండు బోర్లించిన పడవల క్రింద తలదాచుకొనియున్న ఇరువదియిద్దరును ప్రాణములతో నుండిరి. అయితే ఈ యాత్రకు సాయముగా ఖండమునకు ఆవలివైపున ఆహారము నిలువచేయుటకు వేరుగా పోయిన వారిలో మువ్వురు మరణించిరి. మిగిలినవారిని తెచ్చుటకు పోయిన ఓడలో షాకిల్టనుకూడ పోయెను.

మహాపురుషుల చరిత్రలందును లోపములుండును. మంచుపై నున్న కాలమున మెక్నీషు ఒకమారు నాయకుని యాజ్ఞను ధిక్కరించియుండెను. పడవను సిద్ధపరచి అందరి ప్రాణములు నిలుపుటకు తోడ్పడినను, అతనికి ధ్రువపతకము లభింపలేదు. మంచుకప్పుపై గొడ్డలిపట్టిన విన్సెంటునకును లభింపలేదు. ఇది షాకిల్టను ఔదార్యమునకు తగినది కాదని తరువాతివారు పలువురు తలంచిరి.

1921లో ఆయన క్వెస్టు అను ఓడలో మరల దక్షిణమునకు పోయెను. 1922 జనవరి 5వ తేదీన దక్షిణ జార్జియాయందే హఠాత్తుగా గుండెపోటుచే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు నలువదియేడేండ్లు. భార్య ఎమిలీ కోరికపై ఆ ద్వీపముననే సమాధి చేసిరి.

తుంపరమంచు నేటికిని నావికుల శత్రువే. 1955 జనవరి 26వ తేదీన ఐస్లాండునకు ఉత్తరమున లోరెల్లా, రోడరీగో అను రెండు బ్రిటిషు చేపలవేట ఓడలు మంచుబరువుచే తలక్రిందులై నలువదిమంది మరణించిరి. మంచు కట్టు సముద్రములందు తిరుగు ఓడలను నిర్మించునపుడు, పైకప్పున ప్రతి చదరపు మీటరునకు ముప్పది కిలోల మంచు పేరుకొన్నను బోర్లపడకుండునట్లు లెక్క చూడవలెనని అంతర్జాతీయ నియమములు చెప్పుచున్నవి. అయినను మంచు దట్టమైనప్పుడు నావికులు సమ్మెటలు పట్టి దానిని బ్రద్దలుకొట్టవలసియే యున్నది.

2022 మార్చిలో వెడ్డెల్ సముద్రమున సుమారు 3,000 మీటర్ల లోతున ఎండ్యూరెన్స్ ఓడ కనుగొనబడెను. జేమ్సు కెయిర్డ్ పడవ షాకిల్టను చదివిన డల్విచ్ కళాశాలలో భద్రపరుపబడియున్నది. దక్షిణధ్రువమును చేరవలెనని, ఆ ఖండమును దాటవలెనని ఆయన కోరిన రెండు కోరికలును నెరవేరలేదు. కాని ఎండ్యూరెన్స్ ఓడలో తన వెంట వచ్చిన ఇరువదియేడుగురిని ఆయన సజీవులుగా తెచ్చెను. ఆయన పేరు లోకమున నిలిచియుండుటకు ఆ కార్యమే కారణము.